పాల వంతు

జనవరి 5, సోమవారం

గేటు మీద కొత్త పేరు బిగించారు. పాత అక్షరాలు ఊడదీసిన చోట గోడ తెల్లగా మిగిలిపోయింది. ఓపిక ఉన్నవాళ్ళు పాత పేరును ఇంకా చదువుకోవచ్చు. ఫ్యాక్టరీ చేతులు మారి రెండు నెలలైంది. సిమెంటు మాత్రం అదే సిమెంటు.

పుణె ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ప్రతి ప్లాంటూ తన వైవిధ్యం గురించి నివేదిక పంపాలట. ఆడవాళ్ళు ఎంతమంది, ఏ మతం వాళ్ళు ఎంతమంది, ఏ భాష వాళ్ళు ఎంతమంది. దాంతోపాటు మిగతా ప్లాంట్లు నేర్చుకోదగ్గ మంచి పద్ధతి ఒకటి మన దగ్గర ఉంటే అది కూడా ఈ నెల ఇరవైలోగా రాసి పంపాలట. దానికి పేరు బెస్ట్ ప్రాక్టీస్.

జాబితా తీశాను. మొత్తం మూడువందల పన్నెండు మంది. ఆడవాళ్ళు తొమ్మిది మంది. ఆరుగురు ఊడుస్తారు, ఇద్దరు క్యాంటీన్‌లో వండుతారు, మిగిలిన ఒకతె పర్సనెల్ ఆఫీసర్ వసుమతి, అంటే నేను. పదకొండేళ్ళ సర్వీసు. నేను సెలవు పెట్టిన రోజు మా ఆఫీసులో వైవిధ్యం ఉండదు.

మెయిల్ అడుగున ఇంకో ముక్క ఉంది. దక్షిణాది ప్లాంట్లన్నిటికీ కలిపి హైదరాబాద్‌లో కొత్తగా ఒక మేనేజర్ పోస్టు పెడుతున్నారు. వచ్చిన నివేదికలు చూసి ఎంపిక చేస్తారు. అది నాకు సంబంధం లేని విషయం.

జనవరి 9, శుక్రవారం

పుణె నుంచి సుశాంత్ వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. తెలుగువాడే, మర్యాద తెలిసినవాడు. ప్యాకింగ్ షిఫ్టు వాళ్ళను ట్రైనింగ్ హాల్లో గుండ్రంగా కూర్చోబెట్టి ఒక ఊలు ఉండ ఇచ్చాడు. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి విసురుకోవాలి. చివరికి అందరి మధ్యా వల ఏర్పడుతుంది. అదే మన బంధం అన్నాడు.

డేవిడ్‌రాజు ఆ ఊలును వేళ్ళతో లాగి చూశాడు. "ఇది బస్తా కుట్టడానికి ఆగదు సార్," అన్నాడు. హాలంతా నవ్వు. సుశాంత్ కూడా నవ్వాడు పాపం.

తర్వాత అడిగాడు, "మీలో మీరు ఒకరి పండగల్ని ఒకరు ఎట్లా గౌరవించుకుంటారు?" అందరూ ప్యాకింగ్ మేస్త్రీ బుడే సాహెబ్ వంక చూశారు. ఆయన పైన తిరిగే ఫ్యాను వంక చూశాడు. ఎందుకో నాకు తెలుసు. నేను కిటికీ వంక చూశాను.

జనవరి 12, సోమవారం

ఎక్కడా రాయలేదు గనక ఇక్కడ రాసుకుంటున్నాను.

పండగని సిమెంటు బట్టీ ఆగదు, లారీలు ఆగవు. షిఫ్టులో ఇద్దరికి మించి సెలవు ఇవ్వకూడదని పాత రూలు. మరి ఉగాదికి ప్యాకింగ్‌లోని నరేంద్ర వాళ్ళు ఇంటి దగ్గర ఎలా ఉంటున్నారు? వాళ్ళ బదులు బుడే సాహెబ్ వాళ్ళు, డేవిడ్‌రాజు వాళ్ళు నిలబడతారు. రంజాన్‌కి నరేంద్ర వాళ్ళు నిలబడతారు. క్రిస్మస్‌కీ గుడ్ ఫ్రైడేకీ మిగతా ఇద్దరి వైపు వాళ్ళూ వస్తారు. పెనుగంచిప్రోలు తిరునాళ్ళ వచ్చిందంటే మాత్రం సగం ప్యాకింగ్ ఆ ఊరివాళ్ళే కాబట్టి అందరికీ చేతినిండా పనే. నిలబడినవాడు రానివాడి పేరు మీద సంతకం పెడతాడు. కాగితం మీద నరేంద్ర ఉంటాడు, యంత్రం దగ్గర డేవిడ్‌రాజు ఉంటాడు.

ప్యాకింగ్ హౌస్ తలుపు వెనక ఒక పలక వేలాడుతుంది. ఎవరికి ఎవరు నిలబడాలో బుడే సాహెబ్ ఆదివారం సుద్దతో రాస్తాడు. పని అయిపోగానే చెరిపేస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే నడుస్తోందట. నా పదకొండేళ్ళలో ఒక్క తగవు నా దాకా రాలేదు.

నాకు తెలుసని ఎవరూ అనరు. ప్రతి జనవరిలో మూడు మతాల పండగల తేదీలూ ఒక కాగితం మీద కొట్టి ఆయనకిస్తాను. "నోటీసు బోర్డుకి, సాహెబ్‌గారు," అంటాను. "అట్టాగేనమ్మా," అంటాడు. నోటీసు బోర్డు ఆ కాగితాన్ని ఎన్నడూ చూడలేదు.

ఇంతకన్నా మంచి పద్ధతి ఏ ప్లాంటులో ఉంటుంది?

జనవరి 18, ఆదివారం

సెలవు రోజైనా బస్సెక్కి ఫ్యాక్టరీకి వెళ్ళాను. తిరునాళ్ళ కోసం పలక నిండా రాసి ఉంది. ఎడమ వైపు ఏడు పేర్లు, కుడి వైపు ఏడు పేర్లు, పైన తేదీలు. ఫొటో తీశాను.

"ఫొటో ఎందుకమ్మా? తిరునాళ్ళ అయితే చెరిపేసేదేగా," అన్నాడు బుడే సాహెబ్.

"ఊరికే, జ్ఞాపకానికి."

ఆయన తలూపి మళ్ళీ సుద్దముక్క అందుకున్నాడు.

జనవరి 19, సోమవారం

నాలుగు పేజీలు వచ్చింది. బాగా వచ్చింది. ఊలు ఉండ అక్కర్లేకుండానే మా వాళ్ళు ఇరవై రెండేళ్ళుగా ఏం చేస్తున్నారో రాశాను. ఫొటో జత చేశాను.

పంపేముందు ప్రద్యుమ్నకి చూపించాను. జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పే మనిషి, భర్త అన్న మొహమాటం లేకుండా తప్పులు వెతుకుతాడు.

"వాళ్ళనడిగావా?"

"మంచే కదా రాశాను."

"ఫొటోలో పేర్లు కనపడుతున్నాయి."

"జూమ్ చేస్తేగానీ కనపడవు."

"జూమ్ చెయ్యకుండా ఎవరు చూస్తారు వసూ ఈ రోజుల్లో? చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటున్నావేమో చూసుకో," అని పేపర్లు దిద్దుకోడానికి వెళ్ళిపోయాడు.

రేపు ఆఖరు తేదీ. పంపేశాను.

జనవరి 20, మంగళవారం

పోస్టు కోసం రాయలేదు. అందరికీ తెలియాలని రాశాను.

ఫిబ్రవరి 2, సోమవారం

తిరునాళ్ళ. హైవే మీద ప్రభ బండ్లు, మైకులు. కంపెనీ బస్సు చిల్లకల్లు చేరేసరికి అరగంట ఆలస్యం. ప్యాకింగ్‌లో లోడింగ్ ఒక్క లారీ కూడా వెనకబడలేదు. కాగితం మీద నరేంద్ర డ్యూటీలో ఉన్నాడు. నిజానికి మునేరు ఒడ్డున తలనీలాలిస్తూ ఉంటాడు.

పుణె నుంచి జవాబు. "అద్భుతంగా ఉంది మేడం. చిన్న సందేహం, ఫోన్ చేస్తాను."

ఫిబ్రవరి 4, బుధవారం

సుశాంత్ ఫోన్ చేశాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"నరేంద్ర పేరు మీద డేవిడ్‌రాజు పనిచేస్తున్నాడనుకోండి మేడం. బెల్టులో చెయ్యి పడింది. ఆసుపత్రిలో ఎవరి పేరు రాయిస్తాం? ఇన్సూరెన్సు ఎవరికొస్తుంది? ఆ రోజు డ్యూటీలో లేని మనిషి చెయ్యి ఎట్లా తెగిందని అడిగితే ఏం చెప్తాం?"

కుర్రాడు అడిగింది న్యాయమే.

"దీన్ని దొంగ హాజరు అంటారు మేడం. ఎవరు నడుపుతున్నారో ఫొటోలో దస్తూరీ ఉందిగా."

ఫిబ్రవరి 10, మంగళవారం

బుడే సాహెబ్‌ని సస్పెండ్ చేశారు. ఛార్జిషీటు సుశాంత్ చెప్పాడు, నేను టైపు చేసి సంతకం పెట్టాను. "యాజమాన్యానికి తెలియకుండా కార్మికుల హాజరును తారుమారు చేసి" అని ఉంది. తెలియకుండా అన్న మాట దగ్గర నా వేళ్ళు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

నేరం రుజువైతే డిస్మిస్. ఆయన రిటైర్మెంటు జూన్ ముప్ఫైన. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు. ఆ తర్వాత ఫొటోలో ఉన్న పద్నాలుగు మందికీ వరసగా ఛార్జిషీట్లు వెళ్తాయి.

కాగితం తీసుకుంటూ, "ఎక్కడ పెట్టమంటారమ్మా సంతకం?" అని మాత్రం అడిగాడు. చూపించాను. నా ముఖం వంక చూడలేదు. చూస్తే బాగుండేది.

ఫిబ్రవరి 11, బుధవారం

తలుపు వెనక మేకు మాత్రం ఉంది.

ఫిబ్రవరి 16, సోమవారం

సంతకాలు పోయి వేలిముద్రలు వచ్చాయి. సెలవులకి ఫోన్‌లో యాప్ వచ్చింది. దాని పేరు వైవిధ్య సెలవు పథకం. ఎవరి మతం వాళ్ళు నొక్కితే ఆ పండగలు తెర మీదకొస్తాయి. అందులోంచి రెండు ఎంచుకోవాలి. షిఫ్టుకి ఇద్దరికే ఇస్తారు, ముందు నొక్కినవాళ్ళకే ముందు.

డేవిడ్‌రాజు ఫోన్ పట్టుకుని వచ్చాడు. "మా ఆవిడ నిన్న శివరాత్రి ఉపవాసం చేసింది, నేను క్రిస్మస్ చేస్తా, ఇద్దరం కలిసి తిరునాళ్ళకెళ్తాం. ఇందులో నన్నేది నొక్కమంటారండి?"

"ఒకటే నొక్కాలి డేవిడ్‌రాజు."

"మరి బదులు నిలబడే బొత్తాం లేదాండి ఇందులో?"

లేదన్నాను. కాసేపు వెతుక్కుని వెళ్ళిపోయాడు. నా రిపోర్టు వల్లే ఈ యాప్ వచ్చిందని అతనికి తెలుసు. అయినా అండి అనడం మానలేదు. మానితే నాకు తేలికగా ఉండేది.

ఫిబ్రవరి 23, సోమవారం

ఛార్జిషీటుకి బుడే సాహెబ్ జవాబిచ్చాడు. అరఠావు, సొంత దస్తూరీ. పలక మీద ఉన్నవి డ్యూటీ పేర్లు కావట. షిఫ్టులో టీ కాచుకోడానికి పాల ప్యాకెట్లు ఏ రోజు ఎవరు తేవాలో రాసుకున్న వంతులట. ఎడమ వైపు వాడు పొద్దున పాలు తెస్తాడు, కుడి వైపు వాడు సాయంత్రం తెస్తాడు.

ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన అబద్ధమాడాడని ఎవరూ అనగా వినలేదు. అలవాటు లేనివాళ్ళ అబద్ధాలు ఇలాగే ఉంటాయి. చదివి నవ్వాను. తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్ళి చాలాసేపు నీళ్ళు వదిలి నిలబడ్డాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం

హైదరాబాద్ పోస్టుకి ముగ్గురి పేర్లు మిగిలాయి. అందులో నాది ఒకటి. ప్రద్యుమ్నకి చెప్పలేదు.

మార్చి 8, ఆదివారం

మహిళా దినోత్సవం. పుణె నుంచి నాకు పూల బొమ్మ వచ్చింది. పేటకు బస్సెక్కాను.

బుడే సాహెబ్ ఇల్లు అక్కడ మార్కెట్ వెనక సందులో. ఉపవాస నెల కదా, సాయంత్రం నాలుగింటికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆయన భార్య అమీర్‌బీ కుర్చీ తుడిచి వేసింది. తామిద్దరూ పచ్చి మంచినీళ్ళయినా ముట్టని వేళ నాకు టీ తెచ్చింది. వద్దన్నాను. "ఇంటికొచ్చినోళ్ళకి ఉపాసం లేదమ్మా," అంది. తాగాను.

వారం రోజులుగా అనుకుంటున్న మాట చెప్పాను. "సాహెబ్‌గారు, ఎంక్వయిరీలో నాకూ తెలుసని చెప్పేస్తాను. తేదీల కాగితం ప్రతి ఏడూ నేనే ఇచ్చానని చెప్తాను. ఆఫీసుకి తెలిసే జరిగిందంటే మీ ఒక్కరి మీదే పడదు."

ఆయన ఖాళీ టీ గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

"మీకు తెలుసని చెప్తే, ఏం తెలుసని అడుగుతారు," అన్నాడు. "పేర్లడుగుతారు. ఎవరు ఏ రోజు ఎవరికి నిలబడ్డారో అడుగుతారు. చెప్పక తప్పుద్దా? మీ మనసు తేలికవుద్ది, నిజమే. ఆ పద్నాలుగు మంది ఎట్టా పోవాలమ్మా?"

"మరేం చెయ్యమంటారు?"

"నేను పాల వంతని రాసిచ్చా. మీరు డ్యూటీ మార్పిడని రాశారు. రెండిట్లో ఏదో ఒకటే నిలబడుద్ది. నాకు చదువు తక్కువ, నాది నిలబడదని నాకూ తెలుసు."

ఆ మాటలో నిష్ఠూరం ఉందేమోనని వెతికాను. లేదు.

లేచేముందు బెల్టులో చెయ్యి పడితే ఏంటని అడిగాను, సుశాంత్ అడిగినట్టే. "ఇన్నేళ్ళలో ఎవరికీ పడలా," అన్నాడు. మళ్ళీ, "పడుంటే నా దగ్గరా జవాబు లేదమ్మా. ఆ దేవుడు దయతలిచాడు," అన్నాడు.

సందు చివరి దాకా వచ్చి ఆటో ఎక్కించాడు. "ఫొటో ఎందుక్కావాల్సొచ్చిందమ్మా?" అని అప్పుడడిగాడు. ఆటో కదిలింది. జవాబు చెప్పే అవసరం తప్పింది.

మార్చి 9, సోమవారం

అందరికీ తెలియాలని రాశాను. మంచి విషయం నలుగురికీ తెలియాలనుకోవడం తప్పు కాదు.

మార్చి 13, శుక్రవారం

పోస్టుకి ఇద్దరి పేర్లు మిగిలాయి. ఎంక్వయిరీలో యాజమాన్యం తరఫున మొదటి సాక్షిని నేనే. "ఉన్నదున్నట్టు చెప్తే చాలు మేడం, మీ రిపోర్టే మనకి ఆధారం," అన్నాడు సుశాంత్. పాత సంతకాల పుస్తకాల్లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి, కెమెరాలు నవంబరు తర్వాత బిగించినవి, అవీ గేటు దగ్గర లారీల వైపే తిరిగి ఉన్నాయి. మార్చుకున్నవాళ్ళెవరూ నోరు విప్పరు. ఉన్నదల్లా పలక ఫొటో, నా నాలుగు పేజీలు.

మార్చి 16, సోమవారం

మింగలేక, కక్కలేక. రెండుసార్లు అన్నం పెట్టుకుని రెండుసార్లూ వదిలేశాను. ప్రద్యుమ్న అడగలేదు. కంచం తీసి కడిగాడు.

మార్చి 17, మంగళవారం

వరసగా రాస్తాను, మర్చిపోకుండా.

ట్రైనింగ్ హాల్లోనే ఎంక్వయిరీ. విచారణాధికారి అనంతరామయ్య, విజయవాడ లాయరు, డెబ్భై దాటినవాడు. ప్రశ్న ఆయనే అడుగుతాడు, జవాబు ఆయనే చేత్తో రాసుకుంటాడు, రాసింది పైకి చదివి వినిపిస్తాడు. ఒక వైపు సుశాంత్. ఎదురుగా బుడే సాహెబ్, ఇస్త్రీ చొక్కా, ఉపవాసంతో పెదాలు ఎండిపోయి ఉన్నాయి. సాయంగా కూర్చోడానికి డేవిడ్‌రాజుని తెచ్చుకున్నాడు.

"ఈ ఫొటో మీరు తీసిందేనా అమ్మా?"

"నేనేనండి."

"ఇవి డ్యూటీ మార్పిడి పేర్లని రిపోర్టులో రాశారు. ఆ సంగతి మీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి."

"మీరు చూశారా?"

"చూళ్ళేదండి."

ఆయన పెన్ను ఆపాడు. "మరి ఎట్లా రాశారు?"

"అల్లి రాశానండి."

సుశాంత్ కుర్చీ చప్పుడైంది. "మేడం," అన్నాడు. అనంతరామయ్య చెయ్యెత్తి ఆపాడు.

"వివరంగా చెప్పండి."

చెప్పాను. తలుపు వెనక పలక కనపడింది, పేర్లు కనపడ్డాయి. అవి పాల వంతులని తర్వాత తెలిసింది. తెలిసినా నా కథ మార్చలేదు. ఈ ప్లాంటులో ఒకరి పండక్కి ఒకరు నిలబడే ఆనవాయితీ ఏదీ లేదు. ఎన్నడూ లేదు. ఇరవై రెండేళ్ళన్నదీ నేను పుట్టించిన మాటే.

మాట్లాడుతుండగా బుడే సాహెబ్ తలెత్తి చూశాడు. ఛార్జిషీటు ఇచ్చిన రోజు నుంచి మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. తన చేతుల్తో ఇన్నేళ్ళు నడుపుకొచ్చింది అసలే లేదని ఒక మనిషి ఒట్టు వేసి చెప్తుంటే విన్నాడు. అంతా విని, మెల్లగా తలూపాడు. డేవిడ్‌రాజు నేల వంక చూస్తూ ఉండిపోయాడు. నాకు ఏడుపొచ్చింది గానీ ఆపుకున్నాను. ఏడిస్తే నమ్మరు.

"నాలుగు పేజీలు అల్లారా?" అన్నాడు అనంతరామయ్య.

"అల్లానండి."

"ఎందుకు?"

దీనికి జవాబు సిద్ధం చేసుకోలేదు. పది రాత్రులుగా మిగతా ప్రశ్నలన్నిటికీ మాటలు కూర్చుకున్నాను, ఇది అడుగుతాడనుకోలేదు. నోరు తెరిచాను. వచ్చింది.

"పోస్టు కోసమండి. హైదరాబాద్‌లో మేనేజర్ పోస్టుంది. ఇట్లాంటిదొకటి రాస్తే నాకిస్తారని రాశాను."

ఆయన రాసుకుని చదివి వినిపించాడు. పోస్టు కోసం రాశాను అని సాక్షి ఒప్పుకున్నది. కింద సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

ఈరోజు ఆ గదిలో నేను చెప్పినవాటిలో నిజం అదొక్కటే. రెండు నెలలుగా ఈ పుస్తకంలో కూడా రాయలేకపోయాను.

మార్చి 19, గురువారం

ఉగాది. ప్రద్యుమ్న పచ్చడి చేశాడు. అంతా చెప్పాను. చాలాసేపు విన్నాడు. "చేదు సరిపోయిందా?" అన్నాడు. సరిపోయిందన్నాను.

మార్చి 21, శనివారం

రంజాన్. బుడే సాహెబ్ మీద ఆరోపణలకి ఆధారం లేదని ఉత్తర్వు వచ్చింది. సోమవారం డ్యూటీకి రమ్మన్నారు. పద్నాలుగు మందికీ కాగితాలు వెళ్ళవు.

ఇంకో కవరు నాకు. కల్పిత నివేదికతో సంస్థను తప్పుదారి పట్టించినందుకు మెమో. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఒప్పుకుంటున్నానని ఒక్క వాక్యం రాసిచ్చాను. మే ఒకటి నుంచి నన్ను కర్నూలు వైపు ప్లాంటుకి వేస్తారంటున్నారు, ఒక మెట్టు కిందికి దించి. హైదరాబాద్ పోస్టు తమిళనాడు ప్లాంటాయనకి వచ్చింది. ఆయన బెస్ట్ ప్రాక్టీస్ రంగోలీ పోటీ.

సుశాంత్ ఫోన్ చేశాడు. కోపంగా లేడు. "నాకర్థం కావట్లేదు మేడం. అది అబద్ధమైతే అంత బాగా ఎట్లా రాశారు?" అన్నాడు. తెలియదన్నాను.

మార్చి 27, శుక్రవారం

క్యాంటీన్‌లో నరేంద్ర నా టేబుల్ దాకా వచ్చి నిలబడ్డాడు. ఏదో చెప్పాలని వచ్చి, "భోంచేశారా అండి?" అని అడిగి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే

డేవిడ్‌రాజుకి సెలవు రాలేదు. యాప్‌లో ఇద్దరికే ఇచ్చారు, అతను నొక్కేసరికి మూడోవాడు. పొద్దున వేలిముద్ర వేసి యంత్రం దగ్గరకెళ్ళాడు.

పన్నెండింటికి ప్యాకింగ్ వైపు వెళ్ళాను. చర్చిలో ఆరాధన మొదలయ్యే వేళ. డేవిడ్‌రాజు తెల్లబట్టలు సంచిలో పెట్టుకుని వచ్చాడట, సంచి తలుపు పక్కన ఉంది. ఒక్కపొద్దు మీదే బస్తాలు నింపుతున్నాడు. పక్క యంత్రం దగ్గర బుడే సాహెబ్.

"మూడు గంటలు నేను నిలబడితే సరిపోయేదమ్మా," అన్నాడు నాతో, చెయ్యి ఆపకుండానే. "ఇరవై రెండేళ్ళలో వాడు గుడ్ ఫ్రైడేకి ఇక్కడుండటం ఇదే మొదలు." కోపంగా అనలేదు. జరిగిందేదో చెప్పాడు.

నేను అలాంటి ఆనవాయితీ లేదని ఒట్టు వేసినదాన్ని.

సాయంత్రం ఈరోజు హాజరు పుణెకి పంపాను. ఒక్క తప్పు లేదు. ప్రతి పేరు దగ్గరా ఆ పేరుగల మనిషే ఉన్నాడు.